భీమిలి దగ్గర పాత తోట బంగ్లా: కార్తీకంలో రెండు రాత్రులు, పదహారు మందిమి. ఉండగలమా?

సీతమ్మధార కోడలు:

ప్రతి కార్తీకంలోనూ మావాళ్ళం పొద్దున్నే గిన్నెలన్నీ కారెక్కించి ఏదో ఒక తోటకి వెళ్ళడం, తిన్నది అరగకుండానే మళ్ళీ ఎక్కించుకుని రావడం. ఈసారి రెండు రాత్రులు అక్కడే ఉండిపోదామని మా అత్తగారే అన్నారు. (ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే ఇంట్లో ఇంకా ఎవరికీ నమ్మకం కుదరలేదు.)

భీమిలి దగ్గర ఒక పాత బంగ్లా అద్దెకిస్తున్నారు. రెండెకరాల తోట, ముందు పొడుగాటి వసారా, వెనక నుయ్యి, ఫొటోలో పెద్ద ఉసిరిచెట్టు. డచ్చివారు కట్టిన బంగ్లా, వందేళ్ళ పైమాటే అంటున్నాడు ఓనరు. ఆదివారం పొద్దున వెళ్ళి మంగళవారం వచ్చేద్దామని.

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. సోమవారం నక్తం ఉంటారు, వంట మేమే చేసుకోవాలి. పిల్లలు ఐదుగురు. అమెరికా నుంచి మా ఆడపడుచు పిల్లలతో వస్తోంది, వాళ్ళకి ఏసీ లేకపోతే నిద్ర పట్టదట. పాముల భయం నాది. అడ్వాన్సు సగం ఇప్పుడే వేసేయమంటున్నాడు. అలాంటి ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి, వేసేయమంటారా?

మర్రిపాలెం కుర్రాడు:

వదినా, రుషికొండ వైపు ఏదైనా రిసార్టు చూసుకోండి. లిఫ్టు ఉంటుంది, స్విమ్మింగ్ పూల్ ఉంటుంది. పాత ఇల్లు ఫొటోకి బాగుంటుంది, రాత్రయితే బల్లులు మీద పడతాయి.

రైల్వే రిటైర్డు:

అమ్మా, నిరుడు డిసెంబరులో నేనూ మా ఆవిడా, కొడుకు కుటుంబం ఆ వైపే అలాంటి ఇంట్లో మూడు రాత్రులున్నాం. మీరు చెప్పేది అదేనో కాదో నేను అడగను.

ముందు డచ్చి సంగతి. భీమిలిలో గోడ రెండడుగుల మందం ఉంటే చాలు, డచ్చివారిదే అంటారు. వాళ్ళు వచ్చింది పదిహేడో శతాబ్దంలో. వాళ్ళ సమాధుల తోట ఇప్పటికీ ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. 1824 ఒప్పందంతో ఇక్కడి డచ్చి స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకి వెళ్ళిపోయాయి. అంటే నిజంగా డచ్చివారు కట్టిందైతే వందేళ్ళు కాదు, రెండొందలు దాటాలి. మీ ఓనరు రెండింట్లో ఏదో ఒకటి వదులుకోవాలి. అయినా ఇల్లు ఎవరు కట్టారన్నది రాత్రి రెండింటికి ఎవరికీ గుర్తురాదు. బాత్‌రూమ్ ఎక్కడన్నదే గుర్తొస్తుంది.

మేమున్న ఇంట్లో అది పెరటి చివర. ఫొటోల్లో పొరపాటున కూడా కనపడలేదు. మంచం దగ్గర్నుంచి నలభై ఒక్క అడుగులు, నేనే లెక్కపెట్టాను. మధ్యలో గడపలు ఐదు, ఒక్కోటీ జానెడెత్తు. మా ఆవిడ మూడో గడప దగ్గర నా భుజం పట్టుకుని ఆగి, "రైల్లో పడుకున్నా నయం" అంది. ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో చేసినవాడికి చెప్పాల్సిన మాటేనా అది? కాబట్టి మీ అత్తగారి కోసం గడపలు ఎన్నో, మంచం ఎత్తెంతో, కమోడ్ ఉందో లేదో అడగండి. వీడియో కాల్‌లో గది నుంచి బాత్‌రూమ్ దాకా నడిచి చూపించమనండి.

రెండోది నీళ్ళు. సముద్రం దగ్గర నూతి నీళ్ళు చూడ్డానికి తేటగా ఉంటాయి, కందిపప్పు మాత్రం ఉడకదు. మాది గంటన్నర పొయ్యి మీదే ఉంది, గింజ గింజగానే ఉంది. కోడలు చివరికి పచ్చిపులుసు పెట్టింది. నక్తం ఉన్నావిడకి చుక్క కనపడ్డాక పప్పు ఉడకలేదని చెప్పే ధైర్యం మీకుంటే సరే, లేకపోతే వంటకి నాలుగు టిన్నులు వేసుకెళ్ళండి.

మూడోది, మాట్లాడాల్సింది ఓనరుతో కాదు, తోటమాలితో. ఓనరు ఎక్కడో ఉంటాడు. పదకొండింటికి ఫ్యూజు పోతే టార్చి పట్టుకుని వచ్చేది తోటమాలే. మేమున్న ఇంటి తోటమాలి తోటంతా తిప్పుతూ చెట్ల మొదళ్ళు చూపించాడు. హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబరు 12న, పడినవి. ఇప్పుడున్న మామిళ్ళన్నీ ఆ తర్వాత నాటినవేనట. వందేళ్ళ తోట అని రాసుకున్నారు కానీ చెట్లు నా మనవడి ఈడువి. ఆ మాట ఆయన దాచలేదు, అందుకే ఆయన మీద గురి కుదిరింది. కార్తీకం కూడా తుఫాన్ల కాలమే. వాయుగుండం పడితే అడ్వాన్సు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా అన్నది వాట్సాప్‌లో రాయించుకున్నాకే డబ్బు వేయండి.

ఇంతా చెప్పి వెళ్ళొద్దంటానా? గేటు పక్కన పారిజాతం చెట్టుండేది. రాత్రి పడుకోబోయే ముందు తోటమాలి భార్య దాని కింద పాత చీర పరిచేది. ఐదున్నరకి లేచి చూస్తే చీరంతా తెలుపు, మధ్య మధ్య కాషాయం కాడలు. రాలిన పూలు కూడా దేవుడికి పనికొచ్చే చెట్టు కదా అది. మా ఆవిడ గడపల తిట్లన్నీ మర్చిపోయి మూడు రోజులూ ఆ చీర నాలుగు కొసలూ పట్టుకుని వసారాలోకి తెచ్చుకుంది. రిసార్టులో ఇది దొరకదు నాయనా, మర్రిపాలెం బాబూ.

పాములంటారా, తోటన్నాక ఉంటాయి. నవంబరులో ఐదున్నరకే చీకటి. చేతిలో టార్చి, కాలికి చెప్పు, చెప్పు వేసుకునే ముందు ఒకసారి దులపడం. పిల్లల్ని రాళ్ళ కుప్పల వైపు పోనివ్వకండి.

సున్నం మేస్త్రీ గారి అబ్బాయి:

నేను పాత ఇళ్ళు బాగుచేసే పని చేస్తాను. గోడ అడుగున రెండడుగుల మేర సిమెంటు పూత ఉండి, దాని పైన తెల్లగా ఉప్పు పూసినట్టుంటే ఆ గదిలో పడుకోకండి. సున్నం గోడ చెమ్మని బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి వాసన కొడుతుంది, పెచ్చులూడుతుంది. ముందురోజే కిటికీలు తీయించి పరుపులు ఎండలో వేయించమనండి.

ఏసీ గురించి: కప్పు పద్నాలుగడుగుల ఎత్తుంటే మామూలు ఏసీకి ఆ గది చల్లబడదు, నవంబరులో అవసరమూ ఉండదు. రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ పొయ్యి ఒకేసారి వేస్తే ఆరేడు కిలోవాట్లు లాగుతుంది. పాత వైరింగు అంత మోయదు. గ్యాసు మీదే వండుకోండి.

అరకు కాటేజీ:

మేమూ గదులు అద్దెకిస్తాం కాబట్టి ఒక్క మాట. ఆడపడుచుగారి పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులైతే, వాళ్ళు దిగిన 24 గంటల్లోపు ఓనరు ఆ విదేశీ అతిథుల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి, ఫారం సి అనేవాళ్ళం దాన్ని. అదేంటని ఆయన అడిగితే మాత్రం ఆలోచించుకోండి. కార్తీకం ఆదివారాలకి సగం అడ్వాన్సు అడగడం మామూలే.

సీతమ్మధార కోడలు:

అందరికీ థాంక్స్. బాబాయిగారూ, మీరు చెప్పినట్టే తోటమాలి నంబరు తీసుకుని వీడియో కాల్ చేశాను. ఒక గదికి బాత్‌రూమ్ ఆనుకునే ఉంది, గడప ఒక్కటే, కమోడ్ ఉంది. ఆ గది అత్తగారికి. మిగతావాళ్ళం పెరట్లోకి నడుస్తాం. పప్పు సంగతి అడిగితే "మేమూ కుళాయి నీళ్ళతోనే వండుతామమ్మా" అన్నాడు పాపం. ఏసీ ఒక్కటే ఉంది, అది ఎన్నాళ్ళ నుంచో పనిచేయడం లేదట. ఆడపడుచుకి ఇంకా చెప్పలేదు. తుఫాను వస్తే తేదీ మారుస్తామని ఓనరు రాసిచ్చాడు. ఫారం సి అంటే ఆయనకి తెలుసు.

ఒకటే చిక్కు. ఉసిరిచెట్టు చూపించమంటే తోటమాలి ఫోను గోడ మీదికి ఎత్తాడు. చెట్టు పక్కవాళ్ళ తోటలోదట! కొమ్మలు మాత్రం ఇటు వాలాయి. ఇక ఈ ప్రయాణం ఆగిపోయినట్టే అనుకుంటూ అత్తగారికి చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే, "నీడ మనవైపు పడుతోందా లేదా?" అన్నారు.

పడుతోందట. మధ్యాహ్నం రెండు దాటాక.