చందానగర్‌లో 2004 నాటి ఫ్లాట్ తీసుకోవచ్చా, లేక అమీన్‌పూర్ వైపు కొత్తది చూడాలా?

నమస్తే అండి. నా ఆఫీసు బేగంపేటలో, మా ఆవిడది హైటెక్ సిటీలో. ఇప్పుడు కూకట్‌పల్లిలో అద్దెకు ఉంటున్నాం. పాపని వచ్చే ఏడాది ఒకటో తరగతిలో వేయాలి, ఈలోగా ఇల్లు కొనుక్కుంటే మళ్లీ స్కూలు మార్చే పని ఉండదని మా ఆలోచన. చందానగర్‌లో ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక రీసేల్ ఫ్లాట్ చూశాం. 2004లో కట్టారు, ఐదో అంతస్తు, అదే పై అంతస్తు, 1,250 ఎస్ఎఫ్‌టీ, అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఫ్లాట్ వాటా) 45 గజాలు, 68 లక్షలు చెబుతున్నారు. ఓనర్ అమెరికాలో ఉంటాడు, వాళ్ల నాన్నగారు సంతకం పెడతారట. రిజిస్ట్రేషన్ మాత్రం 50 లక్షలకే చేసుకుని మిగతాది క్యాష్‌గా ఇమ్మంటున్నారు.

అంతే డబ్బుకి అమీన్‌పూర్ వైపు కొత్త అపార్ట్‌మెంట్‌లో ఇంకా పెద్ద ఫ్లాట్ వస్తోంది, కాకపోతే చేతికి రావడానికి రెండేళ్లు పడుతుంది. మా మామగారు పాత బిల్డింగ్ వద్దంటే వద్దంటున్నారు. మా ఆవిడకి చందానగరే నచ్చింది. అక్కడ ఉన్నవాళ్లు, ఈమధ్య కొన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

శేరిలింగంపల్లి పాతకాపు

మీ ఇద్దరి ఆఫీసులూ ఒకే లైను మీద ఉన్నాయండి, అందరికీ అలా కుదరదు. చందానగర్‌లో ఎక్కితే తర్వాత హఫీజ్‌పేట, ఆ తర్వాతే హైటెక్ సిటీ, అదే బండిలో ముందుకెళ్తే బేగంపేట. 2003 నుంచి నడుస్తున్న లైను ఇది. కానీ దీన్ని మెట్రో అనుకోవద్దు. బండ్ల మధ్య టైమ్ ఎక్కువ, దూరం వెళ్లే ఎక్స్‌ప్రెస్‌ల కోసం ఆపేస్తారు, ఒకటి మిస్సయితే ఆటోనో బైకో చూసుకోవాలి. హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాక కూడా ఆఫీసులకి షేర్ ఆటో ఎక్కాల్సిందే. ఆ రూట్లో కారులో పోదామంటే కొండాపూర్ దాకా సాయంత్రం ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే, వాన పడితే లింగంపల్లి రైల్వే అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచి ఆ వైపు దారే ఉండదు. ఒక వర్కింగ్ డే పొద్దున ఎనిమిదిన్నరకి మీ ఆవిడా మీరూ వెళ్లి ఆ స్టేషన్‌లో ఎక్కి చూడండి. ఆదివారం ఇల్లు చూసి రావడం కంటే అదే ముఖ్యం.

మియాపూర్ నుంచి పటాన్‌చెరుకి 13.4 కిలోమీటర్ల మెట్రో ప్రతిపాదన ఒకటుంది, చందానగర్ మీదుగానే. మెట్రో వస్తోంది అని దాన్ని కూడా రేటులో కలిపి చెబుతారు, ఒప్పుకోకండి. వచ్చిన రోజు చూసుకోవచ్చు.

ఈ ఏరియాలో నాకు నచ్చేది నీళ్లు. మంజీర, సింగూరు లైన్ ఎప్పటి నుంచో ఉంది. అయినా మీరు చూసిన అపార్ట్‌మెంట్‌కి ఎండాకాలంలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయో వాచ్‌మన్‌నే అడగండి, ఓనర్‌ని కాదు.

సివిల్ ఇంజినీర్

ఐదో అంతస్తు అనగానే నాకు అనుమానం వచ్చింది. శేరిలింగంపల్లి 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది, మీ బిల్డింగ్ అంతకుముందు మున్సిపాలిటీ రోజులది. అప్పట్లో నాలుగు అంతస్తులకి పర్మిషన్ తీసుకుని పైన ఇంకొకటి వేసినవి ఉన్నాయి. శాంక్షన్ ప్లాన్ కాపీ తీసుకుని మీ ఫ్లాట్ నంబర్ అందులో ఉందో లేదో మీ కళ్లతో చూడండి. లేకపోతే ఎంత తగ్గించినా వద్దు. బ్యాంకు లోన్ దగ్గరా అడ్డుపడుతుంది, రేపు మీరు అమ్మేటప్పుడూ అడ్డుపడుతుంది.

ప్లాన్‌లో ఉంటే అప్పుడు బిల్డింగ్ చూద్దాం. 2004 అంటే మీ మామగారు భయపడేంత పాతదేం కాదు, నీళ్లు కారనిస్తేనే పాడవుతుంది. పై అంతస్తు కాబట్టి బాత్రూమ్ సీలింగ్ మీద, బాల్కనీ స్లాబ్ అడుగున తుప్పు మరకలు, ఉబ్బిన ప్లాస్టర్ ఉన్నాయేమో చూడండి. చేత్తో తడితే డొల్లగా మోగితే ప్లాస్టర్ ఊడిందని, లోపల ఇనుము తుప్పు పట్టి ఉండొచ్చని అర్థం. కొత్తగా పెయింట్ వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. సెల్లార్‌లో పిల్లర్ల అడుగు భాగం, లిఫ్ట్ గుంతలో నీళ్లు, ఇవి కూడా.

రిజిస్ట్రేషన్ అనుభవం ఉన్న ఒక అక్క

తమ్ముడూ, ముందు ఆ 50 లక్షల మాట ఆపండి. ఆ సైజు లోన్‌కి బ్యాంకు 80 శాతానికి మించి ఇవ్వదు, అదీ డాక్యుమెంట్‌లో రాసిన ధర మీదే. 68 రాస్తే 54 లక్షల దాకా అడగొచ్చు, 50 రాస్తే 40 లక్షలే. మిగతా 28 మీ చేతి నుంచి పెట్టుకోవాలి. ఏదైనా తేడా వస్తే ఆ 18 లక్షల క్యాష్ ఇచ్చినట్టు మీ దగ్గర కాగితం కూడా ఉండదు, పైగా అది చట్టవిరుద్ధం. పూర్తి ధరకి చేసుకుంటే స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 5 లక్షల 10 వేలు, వీటికి లోన్ రాదు, సొంతంగా దాచుకోండి.

ఓనర్ ఎన్ఆర్ఐ అయితే మనవాళ్లకి పట్టే 1 శాతం టీడీఎస్ (ధరలోంచి మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) సరిపోదు, చాలా ఎక్కువ పట్టాలి, పట్టకపోతే ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు కొన్న మిమ్మల్నే అడుగుతారు. అడ్వాన్స్ ఇచ్చే ముందే సీఏతో మాట్లాడండి. నాన్నగారి దగ్గరున్న జీపీఏ (కొడుకు తరఫున సంతకం పెట్టే అధికారపత్రం) అక్కడి కాన్సులేట్‌లో అటెస్ట్ అయి ఇక్కడ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వ్యాలిడేట్ అయిందా, అందులో అమ్మే అధికారం రాసి ఉందా చూడండి. అబ్బాయితో వీడియో కాల్‌లో మీరే ఒకసారి మాట్లాడండి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు) లాయర్‌కి చూపించడం ఎలాగూ తప్పదు.

అమీన్‌పూర్ అన్నారు కదా, 2024 సెప్టెంబర్‌లో కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలో హైడ్రా (ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) కూల్చింది ఆ చుట్టుపక్కలే. అక్కడ అన్నీ అలాంటివే అనను, కానీ చెరువు ఎఫ్‌టీఎల్‌తో (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) పాటు సర్వే నంబర్ ప్రభుత్వ భూమిదా కాదా అన్నది కూడా చూసుకోవాలి. కట్టడం పూర్తికాని ఫ్లాట్‌కి 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, పాతదానికి ఉండదు. చేతికొచ్చేదాకా ఒకవైపు అద్దె, ఇంకోవైపు లోన్ వడ్డీ కట్టాలి.

అడిగిన వ్యక్తి

అందరికీ చాలా థాంక్స్ అండి. ప్లాన్ కాపీ అడిగాను, అసోసియేషన్ సెక్రటరీ దగ్గర ఉందట, రేపు సాయంత్రం చూపిస్తామన్నారు. అందులో ఐదో అంతస్తు ఉంటేనే లాయర్ దాకా వెళ్తాం. పూర్తి ధరకే రిజిస్ట్రేషన్ అని చెప్పేశాను, పెద్దాయన కొడుకుతో మాట్లాడి చెబుతానన్నారు. అక్కా, ఎన్ఆర్ఐ ఫైళ్లు చూసిన సీఏ ఎవరైనా మీకు తెలిస్తే నాకు విడిగా మెసేజ్ పెట్టండి.