నాన్న బాప్తిస్మం తీసుకున్నారు, పాత కాంటా మోసానికి డబ్బు తిరిగి కట్టాలా?

దేవరకొండ నుంచి అడుగుతున్నాను:

అందరికీ వందనాలు. మా నాన్న ఏళ్ళ తరబడి పత్తి కొన్నారు. పెద్ద షావుకారు కాదు. కొండమల్లేపల్లి, చందంపేట వైపు ఊళ్ళలో, తండాల్లో ఇళ్ళ ముందరే తూకం వేసి, డీసీఎంలో మిల్లుకు తోలేవారు. బండి కిరాయి పెట్టుకోలేని వాళ్ళు, పాస్‌బుక్ లేని కౌలు రైతులు, ఆ పూటే చేతిలో డబ్బు పడాల్సిన వాళ్ళు ఆయనకే అమ్మేవారు. కాంటాలో తేడా ఉండేది, బస్తాకు రెండు మూడు కిలోలు. పైగా తేమ ఉందని ఇంకొంత తరుగు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు.

పోయిన ఈస్టర్ తర్వాత నాన్న బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటి నుంచి రాత్రిళ్ళు పాత చిట్టా పుస్తకాలు ముందేసుకుని పేర్లు రాస్తున్నారు. ఒక్కో ఇంటికి పోయి చెప్పి డబ్బు ఇచ్చేస్తానంటారు. చెల్లె పెళ్ళి పెట్టుకుని ఇప్పుడు పరువు తీస్తారా అని అమ్మ ఏడుస్తోంది. దేవుడు క్షమించాక మనుషుల దగ్గరికి ఎందుకు, అంతగా ఉంటే చర్చికి కానుక ఇచ్చేయండి అంటాడు అన్న. ఇప్పుడు ఆ వ్యాపారం చేస్తున్నది అన్నే, అదే కాంటాతో. ఈ లెక్క తేలేదాకా ప్రభు బల్లలో (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనలో) చెయ్యి వెయ్యనని నాన్న కూర్చున్నారు. నాకు ఆయన మాటే సరైనదనిపిస్తోంది, కానీ అమ్మ భయం కూడా ఉత్తది కాదు. ఏం చేయమంటారు?

మహబూబ్‌నగర్ బ్రదర్:

రక్షణ కృప వల్లే, క్రియల వల్ల కాదని ఎఫెసీ 2లో స్పష్టంగా ఉంది. కడిగిన పాపాన్ని మళ్ళీ తవ్వి మనిషిని కుంగదీసేది సాతానే. నాన్నగారిని సమాధానంగా ఉండమనండి. ప్రార్థిస్తాను.

మిర్యాలగూడ, రిటైర్డ్ టీచర్:

బ్రదర్ చెప్పిన కృప నిజం. అదే కృప, జనం దగ్గర పన్ను వసూలు చేసే సుంకరి జక్కయ్య ఇంటికి వచ్చినప్పుడు ఏం జరిగిందో లూకా 19 చూడండి. ప్రభువు ముందుగా అతని ఇంట్లో బస చేస్తానన్నాడు, పైసా కట్టమనలేదు. ఆ ప్రేమ తగిలాకే జక్కయ్య లేచి నిలబడి ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ మాట విన్నాకే. కాబట్టి తమ్ముడూ, మీ నాన్నగారిని నిద్రపోనివ్వనిది సాతాను అని నేను అనలేను.

కానుక సంగతి. సంఖ్యాకాండము 5లో పద్ధతి ఉంది: తప్పు ఒప్పుకోవాలి, అసలుకు ఐదో వంతు కలిపి, నష్టపోయిన మనిషికే ఇవ్వాలి. ఆ మనిషీ, తీసుకునే దగ్గరి బంధువూ లేకపోతేనే అది యాజకుడికి చేరుతుంది. రైతు బతికి ఉండగా వాడి డబ్బు చందా పెట్టెలో వేస్తే రైతుకు ఏం ముట్టినట్టు? బలిపీఠం దగ్గర కానుక విడిచి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మత్తయి 5 కూడా ఇదే చెబుతోంది.

చిట్టా ఉండటం మీకు పెద్ద మేలు. బస్తాలు ఎన్నో ఉంటాయి, ఆ ఏడాది ధర ఉంటుంది, బస్తాకు పోయిన కిలోలు నాన్నగారికి తెలుసు. లెక్క కట్టి ఐదో వంతు కలపండి. ముందు ఆ కాగితం అమ్మగారి ముందు పెట్టండి, ఆమె దగ్గర ఏదీ దాచొద్దు. పెళ్ళికి దాచిన బంగారం జోలికి పోకండి. ఆ వ్యాపారంతో కొన్న ప్లాటో భూమో ఉంటే అందులోంచి, లేదా పంటకు కొంత చొప్పున కట్టొచ్చు.

అన్నింటికంటే ముందు మీ అన్న కాంటా ఆగాలి. సుంకరులు వచ్చి ఏం చేయాలని అడిగితే, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దనే కదా బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పింది! తూనికలు కొలతల శాఖ వాళ్ళతో కాంటా పరీక్ష చేయించి ముద్ర వేయించండి. అమ్మేవాళ్ళకు అంకె కనబడేలా పెట్టండి. ఒక పక్క నాన్న తిరిగి ఇస్తుంటే ఇంకో పక్క కొడుకు కొట్టేస్తుంటే ఆ ఊళ్ళో సువార్త ఎవరు వింటారు?

కల్వకుర్తి అక్క:

నేను చాలా ఏళ్ళు పత్తి ఏరడానికి పోయినదాన్ని. కూలి కిలోకు ఇంత అని ఇస్తారు. పొద్దుందాక వంగి ఏరితే కాంటా దగ్గర రెండు కిలోలు మాయమయ్యేవి. అడిగితే రేపు పనికి రావద్దనేవాళ్ళు. యాకోబు 5లో కోత కోసినవాళ్ళ బిగబట్టిన కూలి మొర పెడుతుందని పాస్టరు చదివినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు, మా సంగతి దేవుని పుస్తకంలో ఉందని.

మీ నాన్నను పోనియ్యి తమ్ముడూ. మైకులో సాక్ష్యం వద్దు, ఫొటోలు అసలే వద్దు. ఇంటికి పోయి, కూర్చుని, ఫలానా ఏడు నీ పత్తిలో ఇంత తీసుకున్నాను అని చెప్పాలి. వాళ్ళు తిడితే వినాలి. మా గడప తొక్కి అట్లా చెప్పిన మనిషి ఒక్కడూ లేడు. ఉంటే డబ్బు ఇయ్యకున్నా నా కడుపు చల్లబడేది. పరువు పోతుందని అమ్మ అంటోంది కదా, తూకంలో పోయిన సంగతి ఆ తండాలకు ఎప్పుడో తెలుసు. వాళ్ళకు తెలియనిది మీ నాన్న మారిన సంగతే.

దేవరకొండ నుంచి (ప్రశ్న అడిగినవారు):

అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పెళ్ళి అయ్యాక పోతారా ముందే పోతారా అని మాత్రం అడిగింది. నాన్న ముందే అన్నారు. కాంటా గురించి అన్నతో ఈ ఆదివారం నేనూ నాన్నా కూర్చుంటాం, ఆ మాటకే నాకు టెన్షన్‌గా ఉంది. ఇంకొక్కటి అడగాలి. చిట్టాలో కొందరు చనిపోయారు, కొందరు బొంబాయి, పుణె వలస పోయారు. వాళ్ళ సంగతి?

మిర్యాలగూడ, రిటైర్డ్ టీచర్:

చనిపోయినవాళ్ళకు భార్యాపిల్లలు ఉంటారు, వాళ్ళకే. వలస పోయినవాళ్ళు పండక్కో ఓట్లకో ఊరికి వస్తారు. వాళ్ళ పేర్ల మీద లెక్క రాసి డబ్బు విడిగా పెట్టండి, ఫోన్ నంబర్లు తండాలో ఎవరో ఒకరి దగ్గర దొరుకుతాయి. ఎంత వెతికినా ఎవరూ దొరకని పేర్లకే ఆ ఊరి బీదల లెక్క వేయండి. మొదటి ఇంటికి నాన్నగారిని ఒంటరిగా పంపొద్దు, మీరు పక్కన ఉండండి.