షుగర్ దెబ్బ నుంచి కిడ్నీలను, నరాలను బత్తాయి తొక్క కాపాడుతుందా?

బత్తాయి రైతు, నల్గొండ:
జ్యూస్ బండ్ల దగ్గర తొక్కలు గుట్టలుగా కుళ్లిపోతున్నాయి. నారింజ జాతి కాయల్లో ఉండే హెస్పెరిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండేది ఆ తొక్క లోపలి తెల్లపొరలోనే. షుగర్ ఎలుకలకు అది పెడితే కిడ్నీలకు, నరాలకు జరిగే నష్టం తగ్గిందని ఎన్నో ప్రయోగాల్లో తేలింది. సారం తీసి క్యాప్సూల్‌గా అమ్మితే రైతుకూ రోగికీ మేలే కదా. ఇంకెన్నాళ్లు 'ఆధారాలు చాలవు' అంటారు?

మందుల షాపు:
అన్నా, ఆ ఎలుకలకు షుగర్ ఎట్లా తెప్పిస్తారు? చాలావాటికి స్ట్రెప్టోజోటోసిన్ సూది వేసి, ఇన్సులిన్ చేసే కణాలను చంపుతారు. కొన్ని వారాల్లో ప్రయోగం అయిపోతుంది. మన ఇళ్లలోని టైప్ 2 షుగర్ ఏళ్ల తరబడి తినేస్తుంది. మోతాదు చూడు: ఎలుకకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాములు ఇచ్చారనుకో, మనిషి లెక్కకు 6.2తో భాగించాలి. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు గ్రాము. అదీ శుద్ధి చేసిన హెస్పెరిడిన్, తొక్క పొడి కాదు.

బత్తాయి రైతు, నల్గొండ:
మనుషుల మీదా చేశారు. బ్రెజిల్‌లో ప్రీడయాబెటిస్ (షుగర్ రాబోయే ముందు దశ) వాళ్లకు నిమ్మ ఫ్లావనాయిడ్లు, అంటే హెస్పెరిడిన్ జాతి పదార్థాలు, 12 వారాలిస్తే షుగర్ 5 శాతం దాకా తగ్గింది.

మందుల షాపు:
అందులో రోజుకు 200 మిల్లీగ్రాములిచ్చినా అంతే తగ్గింది, 800 ఇచ్చినా అంతే. నా అనుమానం అక్కడే. తగ్గిందనే అనుకుందాం, 110 ఉన్నది 105 అవుతుంది. మనం మాట్లాడేది కిడ్నీ, నరాల గురించి. వాటి సంగతి 12 వారాల్లో తేలదు.

రిటైర్డ్ టీచర్, కర్నూలు:
రాత్రిళ్లు అరికాళ్లు మండిపోతాయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. డాక్టర్ ఎపాల్‌రెస్టాట్ రాశారు. నరాల్లో గ్లూకోజ్‌ను సార్బిటాల్‌గా మార్చే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుందట. చీనీ (బత్తాయి) తొక్క సారమూ అదే పని చేస్తే, మాత్ర మానేసి అది వాడొచ్చా?

మందుల షాపు:
మానకండమ్మా. గాజు గొట్టంలో ఎంజైమ్‌ను ఆపడం వేరు, పేగు దాటి నరం దాకా చేరడం వేరు. హెస్పెరిడిన్ నీళ్లలో సరిగా కరగదు, పెద్దపేగులో సూక్ష్మజీవులు విడగొడితేగానీ ఒంటికి పట్టదు. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వాడుతుంటే పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ సారాల జోలికి అసలు పోకండి. పేగులో ఆ మందును విరిచే ఎంజైమ్‌ను అవి ఆపేస్తాయి, రక్తంలో మందు పెరిగిపోతుంది.

బత్తాయి రైతు, నల్గొండ:
బత్తాయికి ఆ గొడవ లేదుగా!

మందుల షాపు:
దాదాపు లేదు. అందుకే డబ్బా మీద ఉత్త 'సిట్రస్ సారం' అనకుండా కాయ పేరు, హెస్పెరిడిన్ ఎంతో రాయమంటున్నా. కాయ తొక్కను పాడుచేసే మంగు నల్లి పురుగుకు కొట్టే మందు పడేదీ తొక్క మీదేగా, దాని పరీక్ష ఎవరు చేస్తారు?

రిటైర్డ్ టీచర్, కర్నూలు:
అటోర్వాస్టాటిన్ వాడుతున్నాను బాబూ. మా అమ్మాయి తెప్పించిన డబ్బా మీద కాయ పేరే లేదు. వెనక్కి పంపించేస్తాను.