కెప్టెన్: హోదా పేరా, పెత్తనం పేరా?

ప్రశ్న (కడప నుంచి ఒక సభ్యురాలు):
ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. అంతరిక్ష నౌకను నడిపించే ఆవిడను "కెప్టెన్" అనకుండా తెలుగులో ఏమనొచ్చు? దళపతి, సేనాని, నాయకురాలు అని మూడు రాసుకున్నా. ఏదీ కుదురుకోవడం లేదు. ఆమె పైన ఒక అడ్మిరల్, కింద ఇద్దరు లెఫ్టినెంట్లు ఉన్నారు.

జవాబు (అనంతపురం నుంచి):
అమ్మా, మీ మూడు మాటలూ మంచివే. చిక్కంతా కెప్టెన్ అనే మాటలో ఉంది. అందులో రెండు సంగతులు కలిసిపోయాయి. ఒకటి హోదా, అంటే భుజం మీద పట్టీలు చెప్పేది. రెండోది పెత్తనం, అంటే ఈ ఓడలో ఎవరి మాట చెల్లుతుంది అన్నది. ఇవి రెండూ ఒకటే అనుకుని రాస్తే ఏ తెలుగు మాట పెట్టినా సగమే సరిపోతుంది.

మన సైన్యంలో కెప్టెన్ అంటే లెఫ్టినెంట్ మీద ఒక మెట్టు. ఇంకా కుర్రతనం పోని అధికారి. అదే నౌకాదళంలో కెప్టెన్ అంటే సైన్యంలో కల్నల్‌తో సమానం. పేరు ఒకటే, మధ్యలో మూడు మెట్ల తేడా. సైన్యం కెప్టెన్‌కు నౌకాదళంలో సాటి వచ్చేది లెఫ్టినెంట్. మీ కథలో భూసేన వాళ్లూ, నౌక వాళ్లూ ఎదురుపడితే ఈ ఒక్క తేడాతోనే ఒక మంచి సన్నివేశం రాయొచ్చు.

ఇది హోదా. ఇక పెత్తనం చూడండి. చిన్న యుద్ధనౌకను కమాండర్ గానీ, లెఫ్టినెంట్ కమాండర్ గానీ నడుపుతారు. అయినా ఆ ఓడ మీదివాళ్లకు ఆయనే కెప్టెన్. 2022 సెప్టెంబరు 2న విమానవాహక నౌక విక్రాంత్ నౌకాదళంలో చేరినప్పుడు దాన్ని నడిపింది కమడోర్, అంటే కెప్టెన్ హోదా దాటినవాడు. ఓడ పెద్దకు కెప్టెన్ అనే పిలుపు ఆ కుర్చీని బట్టి వస్తుంది, భుజం మీది పట్టీలను బట్టి కాదు.

1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర అరేబియా సముద్రంలో మన యుద్ధనౌక ఖుక్రీ మునిగిపోయింది. ఓడతోపాటే వెళ్లిపోయిన మహేంద్రనాథ్ ముల్లా హోదాలో కెప్టెనే. కానీ ఆయన చేతిలో రెండు పెత్తనాలు ఉన్నాయి: ఖుక్రీ ఆయనదే, 14వ ఫ్రిగేట్ దళమంతా (ఫ్రిగేట్ అంటే ఒక రకం యుద్ధనౌక) కూడా ఆయన కిందదే. హోదా ఒకటి, బాధ్యతలు రెండు. ఆయన గురించి తెలుగులో రాసేటప్పుడు ఉత్త "కెప్టెన్" అని వదిలేస్తే ఆ బరువు పాఠకుడికి అందదని నా అభిప్రాయం.

సైన్స్ ఫిక్షన్‌లో ఈ గీత తరచూ చెరిగిపోతుంది. స్టార్ వార్స్ రెండో సినిమా (1980) గుర్తుందా? డార్త్ వేడర్‌కు నౌకాదళ హోదా ఏదీ ఉండదు. అయినా తప్పు చేసిన అడ్మిరల్ గొంతు బిగించి చంపి, ఆ నిమిషంలోనే పక్కనున్న కెప్టెన్‌ను అడ్మిరల్‌ను చేస్తాడు. అది దొర పెత్తనం. నిజమైన నౌకాదళంలో కెప్టెన్ నుంచి అడ్మిరల్ దాకా ఎన్నో మెట్లు, ప్రతి మెట్టుకూ ఎంపిక, ప్రభుత్వ ఆమోదం. స్టార్ ట్రెక్ వాళ్లు కొంత జాగ్రత్త పడ్డారు. 1979 సినిమాలో అడ్మిరల్ కర్క్ తన పాత ఓడను మళ్లీ చేతిలోకి తీసుకుంటాడు, అదీ పై నుంచి ఆజ్ఞ తెచ్చుకునే. అక్కడిదాకా బాగానే ఉంది. అంతవరకు కెప్టెన్‌గా ఉన్నతన్ని మాత్రం తాత్కాలికంగా కమాండర్‌కు దించుతారు. ఆ అవసరం లేదు. కుర్చీ మార్చితే చాలు, హోదా ముట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు తెలుగు మాటల దగ్గరకు వద్దాం. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. హోదా పేర్లు కాలంతో పైకీ కిందికీ కదులుతాయి. విజయనగర కాలంలో నాయకుడు అంటే అమరం భూములు పొంది, రాజుకోసం దళం పోషించి, కోటను ఏలినవాడు. గండికోట పెమ్మసానివారు అలాంటివాళ్లు. అదే మాట ఇవాళ సైన్యంలో "నాయక్", చేతి మీద రెండు గీతలు, హవల్దార్ కన్నా కింద. ఒకప్పుడు సుబేదారు అంటే ఒక సుబాకే, అంటే ఇవాళ్టి రాష్ట్రం లాంటి ప్రాంతానికే అధిపతి. ఇవాళ జూనియర్ కమిషన్డ్ అధికారి, లెఫ్టినెంట్ కన్నా కింద. దఫేదారు ఆశ్విక దళంలో హోదా, మన కలెక్టరేట్లలో కలెక్టరు వెంట నడిచే ఉద్యోగి. ఇంకా వెనక్కి పోతే, నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లో "మహాతలవర" గొప్ప బిరుదు. మన ఊరి తలారిని ఆ మాటతో కలిపి చూపే పండితులున్నారు. కెప్టెన్ కూడా లాటిన్‌లో "తల" అనే మాట నుంచి వచ్చిందే. లెఫ్టినెంట్ ఫ్రెంచి మాట, ఒకరి చోటును నిలబెట్టేవాడు అని అర్థం. అడ్మిరల్ వెనక అరబ్బీ "అమీర్" ఉన్నాడు.

దళవాయి అనే మాటను మీరు మరిచిపోయారు. విజయనగరంలోనూ మైసూరులోనూ సేనకు పెద్ద. ఇప్పుడు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఇంటిపేరు. మీ అడ్మిరల్‌కు ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే అది ఒక ఓడకు కాదు, సేన మొత్తానికి చెందిన మాట. దళపతి కూడా అంతే, ఒక్క ఓడకు ఎక్కువైపోతుంది.

ఓడ పెద్దకు మాత్రం తీరం మాట తెచ్చుకోవాలి. మనకు సముద్రం లేదు కాబట్టి సీమలో ఆ మాట దొరకదు. శ్రీకాకుళం మత్స్యకారులు పడవ పెద్దను "తండేలు" అంటారు. అది పూర్తిగా పెత్తనం మాట, అందులో హోదా లేదు. మీ కథలో ఓడ మీదివాళ్లు ఆమెను "తండేలు" అని పిలిస్తే, కాగితాల మీద "కమాండర్" అని రాస్తే, ఏది ఏదో పాఠకుడికి వివరించకుండానే తెలుస్తుంది.

(కర్నూలు నుంచి ఒక సభ్యుడు):
అన్నా, ఒక సందేహం. ఓడలోకి ఆమెకన్నా పెద్ద హోదా అధికారి ప్రయాణికుడిగా వస్తే? ఓడ డాక్టరుకే పెద్ద హోదా ఉంటే? స్టార్ ట్రెక్‌లో డాక్టరు కెప్టెన్‌నే దింపగలడు కదా.

జవాబు:
మంచి ప్రశ్న తమ్ముడూ. మొదటిదానికి వేమన ఎప్పుడో చెప్పాడు: "అనువుగాని చోట అధికులమనరాదు." అది మన కదిరి పక్కనుండే కటారుపల్లెలో సమాధి అయిన మనిషి మాట, ఓడ నియమానికి కూడా సరిగ్గా అతుకుతుంది. ప్రయాణికుడిగా ఎక్కిన అధికారి ఎంత పెద్దవాడైనా ఓడను మళ్లించమని ఆజ్ఞ ఇవ్వలేడు. అడ్మిరల్ దళానికి పెద్దగా తన జెండాతో ఎక్కితే మాత్రం పని పంచుకుంటారు. దళం ఎటు పోవాలో ఆయన చెబుతాడు, ఓడను ఎలా నడపాలో కెప్టెన్ చూసుకుంటాడు.

డాక్టరు సంగతి వేరు. మన నౌకాదళంలో యుద్ధనౌక పెత్తనం ఎగ్జిక్యూటివ్ శాఖ, అంటే ఓడను నడిపే, పోరాడించే శాఖ అధికారులకే దక్కుతుంది. డాక్టరు ఎన్ని పట్టీలు పెట్టుకున్నా ఆ వరుసలోకి రాడు. కెప్టెన్ ఆరోగ్యం బాగాలేదని చెప్పడం అతని పని, కుర్చీ ఎక్కేది మాత్రం రెండో స్థానంలో ఉన్న ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్.

అమ్మా, మీ కథలో డాక్టరు ఉంటే ఈ భాగం వదలొద్దు. ఆమెను దింపాల్సిన పరిస్థితి వస్తే సంతకం ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అవుతుంది. మీ ఇద్దరు లెఫ్టినెంట్లలో ముందు నియమితులైనవాళ్లే సీనియర్, అది తేదీని బట్టి ముందే తేల్చిపెట్టుకోండి. వాళ్లలో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ ఎవరో కూడా మొదటి పేజీల్లోనే చెప్పేయండి.