హార్మోన్లు వాడితే తుంటి ఎముక కూడా వెడల్పవుతుందా, పెరిగేదంతా కొవ్వేనా?

చిగురు_22 (మారతహళ్ళి), గురువారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 22 ఏళ్ళు, ట్రాన్స్ అమ్మాయిని. ఇక్కడే పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) రాసిచ్చిన ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్‌ని అణిచే స్పైరోనోలాక్టోన్ వాడుతూ అయిదు నెలలైంది. మొదటి రోజు టేపు పెట్టి చూస్తే తుంటి చుట్టూ 35 అంగుళాలు. నిన్న చూస్తే 36 పావు. 25 ఏళ్ళు దాటేదాకా ఎముక కూడా విచ్చుకుంటుందని నా రూమ్మేట్ అంటోంది. ఎముక ఎప్పుడో ఆగిపోయింది, అది కొవ్వే అని ఇంకో ఫ్రెండ్ అంటోంది. ఏది నిజం? మా అక్క పెళ్ళి కుదిరింది, వచ్చే మాఘంలో. అప్పటిదాకా మందులు ఆపెయ్, ఏడాదిలో ఏం పోతుంది అని ఇంట్లో అంటున్నారు. అందుకే అడుగుతున్నాను.

ఎర్రమందారం (జయనగర్), రాత్రి 10:25

చిగురూ, రెండో అమ్మాయి చెప్పిందే నిజం. ఎముక పెరిగేది దాని అంచుల్లో ఉండే మెత్తటి పొర దగ్గర. యవ్వనం పూర్తయ్యేసరికి ఆ పొర గట్టిపడి అతుక్కుపోతుంది. నడుము మీద చెయ్యి పెట్టుకుంటే తగిలే కటి ఎముక పై అంచు అన్నిటికన్నా ఆలస్యంగా అతుక్కునేవాటిలో ఒకటి. అది కూడా మామూలుగా ఇరవైల మొదట్లో అయిపోతుంది. మగ శరీరంలో కూడా ఆ పొరల్ని మూసేది ఈస్ట్రోజెనే, ఎందుకంటే టెస్టోస్టెరాన్‌లో కొంత భాగం లోపల ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఒకసారి మూసుకున్నాక ఎన్ని మాత్రలు మింగినా ఎముక వెడల్పు కాదు.

నీకు పెరిగిన అంగుళం పావు చర్మం కింద చేరిన కొవ్వు. పొట్ట మీద ఉన్న కొవ్వు కిందికి నడిచి రాదు. శరీరం కొవ్వుని కరిగిస్తూ, మళ్ళీ చేర్చుకుంటూ ఉంటుంది కదా, కొత్తగా చేరేది తుంటి, పిరుదులు, తొడల వైపు ఎక్కువ వెళ్తుంది. ఇది 3 నుంచి 6 నెలల్లో మొదలవుతుంది. పూర్తి కావడానికి 2 నుంచి 3 ఏళ్ళు అని 2017 ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాల్లో ఉంది. 2022లో వచ్చిన డబ్ల్యూపాథ్ (ట్రాన్స్ ఆరోగ్య నిపుణుల అంతర్జాతీయ సంఘం) ఎనిమిదో ప్రమాణాలు 2 నుంచి 5 ఏళ్ళు అన్నాయి.

నేను 31లో మొదలుపెట్టాను. ఇప్పుడు 36. కొవ్వు వచ్చింది. ఎముక మాత్రం మా తమ్ముడిది ఎలా ఉందో నాదీ అలాగే ఉంది. త్వరగా మొదలుపెట్టినవాళ్ళు అదృష్టవంతులు, నాకు తెలిసింది అంతే.

దారంకండె (కె.ఆర్.పురం), రాత్రి 11:05

నేను ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. మా జమాత్ (హిజ్రాల సముదాయం) పిల్లలవి, బయటి ఆడవాళ్ళవి, అందరివీ. ప్రతి మనిషి కొలతలూ నోటుబుక్కులో రాసి పెడతాను. ఒకమ్మాయి 29వ ఏట మందులు మొదలుపెట్టినప్పుడు సీటు కొలత 36. మూడేళ్ళకి 39న్నర. నడుము అప్పుడూ 31, ఇప్పుడూ 31. పాత లంగా బొందు దగ్గర సరిపోయింది, తుంటి దగ్గర ఎక్కలేదు. పక్క కుట్లు విప్పి వదులు చేసింది నేనే.

ఎముకో కొవ్వో, చీర కట్టుకునే మనిషికి రెండూ ఒకటే. వయసు దాటితే ఏమీ మారదని చిన్నపిల్లకి చెప్పకండమ్మా.

బుల్లెట్_నెల్లూరు, రాత్రి 11:20

నాది మీకు రివర్స్, ట్రాన్స్ అబ్బాయిని. టెస్టోస్టెరాన్ మూడేళ్ళు. కొవ్వు పొట్టకి వచ్చింది, ప్యాంటు తుంటి దగ్గర వదులైంది. ఎముక పాతదే. షర్టు కింది గుండీ ఇప్పటికీ అక్కడే లాగుతుంది.

ఎర్రమందారం, శుక్రవారం ఉదయం 7:10

అక్కా, ఏమీ మారదని నేనెక్కడ రాశాను? ఎముక మారదన్నాను. పైన ఉంది, మళ్ళీ చదవండి. మూడున్నర అంగుళాలు కొవ్వు వల్లే రావచ్చు. ఆ అమ్మాయి బరువు ఎంత పెరిగిందో మీ బుక్కులో ఉందా?

దారంకండె, ఉదయం 8:30

బరువు రాసుకోవడానికి నేను రేషన్ షాపు నడపడం లేదు. నడుము పెరగలేదని చెప్పాను. బరువు పెరిగితే నడుము పెరగదా?

ఎర్రమందారం, ఉదయం 8:52

పెరగకపోవచ్చు. ఈస్ట్రోజెన్ చేసే పనే అది. పైగా కండ తగ్గుతుంది, ఆ కండ స్థానంలోనూ కొవ్వు చేరుతుంది. టేపుకి ఏది ఏమిటో తెలియదు. డెక్సా స్కాన్ తీస్తే కొవ్వు ఎంత, కండ ఎంత, విడివిడిగా చూపిస్తుంది.

లెక్కలమనిషి (హెచ్ఎస్ఆర్ లేఅవుట్), ఉదయం 10:15

మా చెల్లి ట్రాన్స్. తన కోసం వీటిని చదువుతూ ఉంటాను. ఎర్రమందారం గారూ, ఎముక విషయం మీరు అనుకున్నంత తేలిపోయినది కాదండి. జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో 275 మంది కటి ఎముకల్ని సీటీ స్కాన్లలో పోల్చారు. ఆడవాళ్ళ కటి ఎముక యవ్వనం నుంచి మారుతూ వెళ్ళి 25, 30 ఏళ్ళ మధ్య కాన్పుకి అన్నిటికన్నా అనువుగా ఉంటుంది. 40 తర్వాత మళ్ళీ ఇరుకు వైపు వెళ్తుంది. దీని వెనక హార్మోన్లు ఉన్నాయని వాళ్ళ అభిప్రాయం. అంటే పెద్దయ్యాక కూడా ఎముక ఆకారం హార్మోన్ల మాట వింటుందనే కదా?

ఎర్రమందారం, ఉదయం 10:48

వాళ్ళు ఒకే మనిషిని ఇరవై ఏళ్ళు వెంబడించి కొలవలేదు. వేర్వేరు వయసుల మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. అందులో ట్రాన్స్ మనుషుల మీద ఈస్ట్రోజెన్ ప్రభావం చూడలేదు. ఆడపిల్లలకి తేడా మొదలయ్యేది యవ్వనంలో. ఆ దారి నాకు ఎప్పుడూ తెరుచుకోలేదు. 31 ఏళ్ళకి మాత్ర వేసుకుంటే అదే జరుగుతుందని దాన్ని బట్టి ఎలా చెప్తారు?

లెక్కలమనిషి, ఉదయం 11:02

జరుగుతుందని నేను అనలేదు. జరగదని కూడా మీరు అంత గట్టిగా అనకూడదు అంటున్నాను.

ఎర్రమందారం, ఉదయం 11:06

జరగదు. నా ఎముక నాకు తెలుసు.

ఫిజియో_కోరమంగళ, మధ్యాహ్నం 1:40

ఒక మాట. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు "నా తుంటి తిరిగింది, వెనక్కి వచ్చింది" అంటారు. పడుకోబెట్టి పరీక్ష చేస్తే నడుము వెనక లోతు పెరిగి ఉంటుంది. కటి ముందుకు వంగితే పిరుదులు ఎత్తుగా కనిపిస్తాయి. పొట్ట కండరాలు, పిరుదుల కండరాలు బలహీనపడినా, కొత్తగా హీల్స్ వేసుకున్నా నిలబడే తీరు మారుతుంది. ఎముక ఒరిగే కోణం వేరు, ఎముక వెడల్పు వేరు.

ఎముకల గురించి అసలు భయపడాల్సింది గట్టితనం కోసం. వృషణాలు తీయించుకున్నాక ఈస్ట్రోజెన్ మానేసి ఏళ్ళ తరబడి ఉండిపోతే ఎముకలు గుల్లబారతాయి. ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ రెండింటిలో ఏదో ఒకటి శరీరంలో సరిపడా ఉండాలి.

మైసూరుపాక్, మధ్యాహ్నం 2:15

ఈ ఖర్చులకి ఇన్సూరెన్స్ ఏమైనా ఉందా?

బుల్లెట్_నెల్లూరు, మధ్యాహ్నం 2:31

ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అని 2022లో ప్రకటించారు, ఏడాదికి 5 లక్షల దాకా. టీజీ (ట్రాన్స్‌జెండర్) సర్టిఫికెట్ కావాలి. వేరే థ్రెడ్ పెట్టు, అక్కడ వివరంగా రాస్తా.

దారంకండె, సాయంత్రం 6:20

స్కాన్లూ జ్యూరిక్కులూ నాకు తెలియవు. ఫిజియో గారు చెప్పింది నిజం, మా వాళ్ళలో నిర్వాణం (వృషణాలు తీసేసే ఆపరేషన్) అయ్యాక మందులు మానేసి నడుము నొప్పితో మంచాన పడ్డవాళ్ళని చూశాను. కానీ ఎర్రమందారం, నీకొక మాట చెప్పాలి. ఎముక మూసుకుపోయింది, తలుపు మూసుకుపోయింది అని నువ్వు రాస్తావు. అది చదివిన పిల్ల ఆ రాత్రి ఏం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించావా?

ఎర్రమందారం, సాయంత్రం 6:41

నిజం తెలుసుకుంటుంది. మీలాంటి వాళ్ళు "అన్నీ వస్తాయి, ఎప్పుడు మొదలుపెట్టినా వస్తాయి" అని జో కొట్టడం వల్లే ఏళ్ళు పోతున్నాయి. టేపు చూపించి పిల్లలకి అబద్ధం చెప్పకండి. నన్ను నువ్వు అని కూడా అనకండి, మనకి పరిచయం లేదు.

దారంకండె, సాయంత్రం 7:15

సరే, మీరు అనే అంటాను. అబద్ధం అన్నారు కాబట్టి చెప్తున్నాను.

నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్ల ఒకతి ఉండేది. నా చేలా, అంటే శిష్యురాలు. 24 ఏళ్ళు. మందులు మొదలుపెట్టి పది నెలలు కూడా కాలేదు. ఇలాగే ఎవరో ఫోన్లో చెప్పారు, 21 దాటితే ఎముక రాదు, ఇక నీకు తుంటి రాదు అని. రోజూ నా టేపు తీసి కొలుచుకునేది. నాకు చెప్పకుండా వేరే ఊరు వెళ్ళి రెండు వైపులా సిలికాన్ ఎక్కించుకుంది. డాక్టరు కాదు, ఆసుపత్రి కాదు, ఒక ఇంట్లో. వచ్చిన మర్నాడు ఊపిరి ఆడడం లేదంది. ఆ సిలికాన్ రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి చేరిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. మూడో రోజు పోయింది. దాని కొలతలు ఇంకా నా బుక్కులో ఉన్నాయి. మొదట 34న్నర, పది నెలలకి 36. వస్తూనే ఉంది కదా. ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే వచ్చేది కదా.

అందుకే ఎముక మాట ఎత్తితే నాకు కోపం.

నిర్వాహకులు, సాయంత్రం 7:50

ద్రవ సిలికాన్‌ని శరీర ఆకారం కోసం ఎక్కించుకోవడం ప్రాణాంతకం. ఎక్కడ చేస్తారని అడుగుతూ వచ్చిన ఒక సందేశాన్ని తీసేశాం. చర్చ కొనసాగించండి, మర్యాద తప్పకండి.

ఎర్రమందారం, రాత్రి 10:30

అక్కా, ఇది నాకు తెలియదు. అబద్ధం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు అనే అనండి.

నా సంగతి కూడా చెప్తాను. 19 ఏళ్ళప్పుడు మా అమ్మే నన్ను మా ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె ధైర్యం అది. ఆయన "డిగ్రీ అవ్వనివ్వండి, హార్మోన్లు ఎప్పుడు వాడినా ఒకేలా పని చేస్తాయి" అన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకుంది. డిగ్రీ తర్వాత ఉద్యోగం రానీ అంది. తర్వాత నాన్నకి గుండె ఆపరేషన్. తర్వాత తమ్ముడి పెళ్ళి. 12 ఏళ్ళు అలా పోయాయి. 19లో నా ఎముక ఇంకా అతుక్కోలేదేమో. అతుక్కుందేమో. ఒక్క ఎక్స్‌రే తీసి చూసి ఉంటే తెలిసేది, ఎవరూ తీయలేదు. ఎవరైనా "తర్వాత అయినా వస్తుందిలే" అంటే నాకు ఆ డాక్టరు గొంతే వినిపిస్తుంది. అందుకే నేనూ ఎముక వదలలేకపోతున్నాను.

దారంకండె, రాత్రి 10:55

ఆ డాక్టరు మాట తప్పే. అయినా నీ బాధ నీ డాక్టరు మీద చూపించు తల్లీ, భయం మాత్రం పిల్లలకి పెట్టకు. ఇందులో నేను మారను.

ఎర్రమందారం, రాత్రి 11:01

నేనూ మారను. తెలిసిన మాట దాచను. కానీ ఇకమీదట ఎముక గురించి రాసిన చోటల్లా సిలికాన్ గురించి కూడా రాస్తాను.

చిగురు_22, రాత్రి 11:30

అక్కా వాళ్ళూ, రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. నేను అడిగిన రెండోది ఎవరూ చెప్పలేదు. మాఘం దాకా మందులు ఆపితే ఏమవుతుంది? నాన్న పొద్దున మళ్ళీ ఫోన్ చేశారు. పెళ్ళివాళ్ళు చూస్తారట. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఎర్రమందారం, రాత్రి 11:48

చిగురూ, క్షమించు. మొదటి రోజే కనిపించాల్సింది, నేను ఎముక దగ్గరే ఆగిపోయాను.

నిజం చెప్తాను. 22కి నీ కటి ఎముక చాలావరకు మూసుకునే ఉంటుంది. ఈ ఏడాది ఆపినా ఆపకపోయినా దానికి పెద్దగా తేడా రాదు. ఈ వాక్యం రాయడం నాకు కష్టంగా ఉంది. తేడా వచ్చేది మిగతా వాటికి. ఆపరేషన్ కాలేదు కాబట్టి మందులు ఆపితే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో టెస్టోస్టెరాన్ మళ్ళీ పైకి వస్తుంది. గడ్డం, ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతాయి. కొత్తగా చేరే కొవ్వు పాత దారి పడుతుంది. వచ్చిన రొమ్ము కణజాలం మాత్రం పోదు, కాబట్టి పెళ్ళివాళ్ళ ముందు దాచడానికైనా ఆపడం వల్ల కలిసొచ్చేది ఏమీ లేదు. ఆపాలో వద్దో తేల్చాల్సింది నువ్వూ నీ డాక్టరూ. స్పైరోనోలాక్టోన్ వాడుతున్నావు కదా, దానితో రక్తంలో పొటాషియం పెరగవచ్చు, ఆ పరీక్ష ఎప్పుడు చేయించావు?

ఫిజియో_కోరమంగళ, రాత్రి 11:59

పొటాషియం సంగతి నేనూ అడుగుదామనుకున్నాను. ఇంట్లో ఒత్తిడి పెరిగి డాక్టరుని మార్చినా, మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని వాటితో సర్దుకోవద్దు. వాటిలో ఉండేది ఎక్కువగా ఇథినైల్ ఈస్ట్రడయోల్, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ.

దారంకండె, శనివారం ఉదయం 6:30

చిగురూ, ఎముక గురించి కాదమ్మా నీ ఇంట్లో గొడవ. నిన్ను పెళ్ళికి ఎలా తీసుకెళ్ళాలా అని వాళ్ళ బాధ. ఏడాది అని మొదలుపెడతారు. మందారం ఇంట్లో ఏమైందో చదివావు కదా.

చిగురు_22, ఆదివారం రాత్రి 8:10

పొటాషియం గత నెల చేయించాను, బాగానే ఉంది. నాన్నకి ఫోన్ చేశాను. మందులు ఆపను, పెళ్ళికి మాత్రం వస్తాను అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఫోన్ కూడా పెట్టెయ్యలేదు. చివర్లో అమ్మకి ఇచ్చారు. ఏం కట్టుకుంటావు అని అమ్మ అడిగింది. ఇంకా చెప్పలేదు.

దారంకండె అక్కా, మీ షాపు ఎక్కడ?

దారంకండె, ఆదివారం రాత్రి 8:35

విడిగా మెసేజ్ పెట్టాను. మంగళవారం సెలవు, మిగతా రోజుల్లో సాయంత్రం రా. మాఘానికి ఇంకా టైముంది కాబట్టి లంగాకి పక్క కుట్లలో రెండంగుళాల గుడ్డ ఎక్కువ వదిలి కుడతాను.