‘ప్లీజ్ రివర్ట్’ అని రాయడం తప్పా, లేక అది మన ఇంగ్లీషేనా?

కోడ్‌కుర్రాడు
మొన్న జరిగింది చెబుతాను. ప్రోగ్రామ్ కోడ్‌లో నేను చేసిన ఓ మార్పు చూసి అభిప్రాయం చెప్పమని అమెరికాలోని సహోద్యోగికి మెయిల్ పెట్టాను. చివర అలవాటుకొద్దీ ‘ప్లీజ్ రివర్ట్ బై టుమారో’ అన్నాను. తెల్లారి లేచి చూస్తే నా మార్పు మొత్తం తీసేసి ఉంది. కోడ్‌లో చేసిన మార్పులన్నీ నమోదు చేసి ఉంచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో రివర్ట్ అంటే, పెట్టిన కమిట్‌ని, అంటే నమోదైన మార్పుని, రద్దు చేస్తూ ఇంకో కమిట్ పెట్టడం. పాపం ఆయన నేను అడిగిందే చేశాడు. ‘ముందు ఇంగ్లీష్ నేర్చుకో’ అన్నారు మా మేనేజర్. జవాబివ్వమని చెప్పడానికి మా ఆఫీసులో అందరూ రాసే మాటే ఇది. నిజంగా తప్పా?

పాతఫైలు
తప్పే బాబూ. ముప్ఫై నాలుగేళ్ళు గవర్నమెంటు ఆఫీసులో పనిచేశాను. రివర్షన్ అన్న మాట వింటే మాకు గుండె జారిపోయేది. ప్రమోషన్ మీద పైకెళ్ళినవాణ్ణి మళ్ళీ పాత పోస్టుకి దించడమే రివర్ట్ చేయడం.

దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. రైల్వేలో పై పోస్టులో తాత్కాలికంగా పనిచేస్తున్న పురుషోత్తంలాల్ ధింగ్రాని 1953లో కింది పోస్టుకి రివర్ట్ చేశారు. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా హోదా తగ్గించకూడదని రాజ్యాంగం 311వ అధికరణం చెబుతుంది కదా, మరి ఇది హోదా తగ్గించే శిక్షా కాదా అన్నది తగువు. 1957లో తీర్పొచ్చింది. తాత్కాలికంగా ఉన్న పోస్టు మీద హక్కు ఉండదు కాబట్టి ఆయన విషయంలో అది శిక్ష కాదన్నారు. అయితే రివర్షన్ వల్ల జీతమో సీనియారిటీయో పోతే అప్పుడది శిక్షే అవుతుందనీ అన్నారు. ఓ మనిషి బతుకుని అంత పట్టుకున్న మాటని ‘జవాబివ్వండి’ అనడానికి వాడేస్తే ఎలా?

తెనాలి టీచరమ్మ
పాతఫైలు గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ మాట ఎప్పుడూ ఒకే చోట నిలబడలేదండీ. లాటిన్‌లో ‘రెవెర్టెరే’ అంటే వెనక్కి తిరగడం. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని అర్థం స్పృహలోకి రావడం, తేరుకోవడం. ఆస్తి వెనక్కి వెళ్ళడం తర్వాత వచ్చింది. మాటల మధ్య వదిలేసిన విషయానికి మళ్ళీ రావడమూ రివర్టే.

ఇందులోని ‘వెర్టెరే’, మన ‘వృత్’ ధాతువు ఒకే వేరు నుంచి వచ్చినవి. ఆవర్తనం, పరివర్తన, వర్తులం, అన్నిట్లోనూ తిరగడమే ఉంది. వార్త, వృత్తాంతం కూడా ఆ ధాతువు నుంచి పుట్టినవే! తిరగడంలోంచి కబురు పుట్టగా లేనిది జవాబు పుడితే తప్పేముంది? మా నాన్నగారి ఉత్తరాలన్నిట్లో ఆఖరి వాక్యం ‘తిరుగు టపాలో జవాబు రాయవలెను’. నాకైతే ‘ప్లీజ్ రివర్ట్’లో ఆ తిరుగు టపాయే వినిపిస్తుంది. కొన్ని నిఘంటువులు ఇప్పుడు ఈ అర్థాన్ని ఇండియన్ ఇంగ్లీష్ అని గుర్తు పెట్టి ఇస్తున్నాయి కూడా.

పాతఫైలు
నిఘంటువు ఉన్నదాన్ని రాసుకుంటుందమ్మా. ఒప్పని సర్టిఫికెట్ ఇవ్వదు.

నల్లకోటు
అంకుల్, ఈ మాటని మనదేశంలో మొదట మార్చింది మెయిళ్ళు రాసేవాళ్ళు కాదు, జడ్జీలు. ఇంగ్లండు చట్టంలో రివర్షన్ అంటే ఇచ్చినవాడికే ఆస్తి తిరిగి రావడం. మన పాత హిందూ లాలో భర్త ఆస్తి భార్యకి ఆమె జీవితకాలం వరకే పరిమిత హక్కుతో దక్కేది. ఆమె పోయాక అది భర్త వారసులకి వెళ్ళేది. ఆ వారసులను కోర్టులు రివర్షనర్లన్నాయి. ఆ ఆస్తిని వాళ్ళెప్పుడు ఇచ్చారని వాళ్ళకి ‘తిరిగి’ రావడానికి? అయినా మాట నిలిచింది, దాని మీద తరాల తరబడి దావాలు నడిచాయి.

1956 వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆ పరిమిత హక్కుని పూర్తి హక్కు చేసింది. భరణం కింద రాజీలో ఇచ్చిన ఆస్తికీ, రాజీపత్రంలో ఆంక్షలున్నా సరే, అది వర్తిస్తుందని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. అది మన తెలుగు నేల నుంచి వెళ్ళిన తులశమ్మ, శేషారెడ్డి కేసే. ‘రివర్షనర్’ మాట పట్టుకుని ఎందరు ఆడవాళ్ళ చేతిలో భూమి నిలవకుండా చేశారో చదివితే కడుపు రగిలిపోతుంది. ‘జవాబివ్వు’ అన్న అర్థం ఎవరికి ఏం హాని చేసింది?

పాతఫైలు
హాని ఇక్కడే కనబడుతోంది కదమ్మా, ఈ అబ్బాయి పని పోయింది. కోర్టులో వాది, ప్రతివాది, జడ్జి, ముగ్గురికీ ఆ మాట అర్థం ఒకటే. మెయిల్ అందుకున్న అమెరికా ఆయనకి మన అర్థం ఎలా తెలుస్తుంది?

కోడ్‌కుర్రాడు
పని పోలేదు సర్, గిట్‌లో పాత కమిట్ అలాగే ఉంటుంది. ఆ రివర్ట్‌నే మళ్ళీ రివర్ట్ చేశాను. ఇకమీదట బయటివాళ్ళకి ‘రిప్లై’ అనే రాస్తాను. కానీ ఇంగ్లీష్ రాదని మా మేనేజర్ అన్న మాట మాత్రం ఒప్పుకోను.

నల్లకోటు
ఒప్పుకోకు తమ్ముడూ.

పాతఫైలు
సరే. ‘రివర్ట్ బ్యాక్’ అని మాత్రం ఎవరికీ రాయకు. ‘రి’లోనే వెనక్కి ఉంది, మళ్ళీ బ్యాక్ ఎందుకు?

తెనాలి టీచరమ్మ
మరి మనం ‘తిరిగి వెనక్కి ఇచ్చాడు’ అనమా అండీ?