టోర్నమెంట్‌కి ముందు ఫోన్‌లో చెస్ పూర్తిగా మానిపించాలా?

క్లాక్‌టవర్ (అనంతపురం):
మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్. ఫోన్‌లో 10 నిమిషాల ఆటల్లో 1700 రేటింగ్ ఉంది. పోయిన నెల కర్నూలులో ఒక ఓపెన్ టోర్నమెంట్‌కి తీసుకుపోయాను. బోర్డు మీద పోటీ ఆడడం వాడికి అదే మొదలు. ఆటకు 90 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు అదనం. ఆరు ఆటల్లో నాలుగు ఓడాడు. ఓడిన ప్రతిసారీ వాడి క్లాక్‌లో గంటకు పైనే మిగిలి ఉంది. నాన్న మాత్రం "ఆ ఫోనే వాణ్ని చెడగొట్టింది, తీసేయ్" అంటున్నాడు. ఇంకో టోర్నమెంట్‌కి ఆరు వారాలే ఉంది. నాన్న మాట వినాలా? బోర్డు మీద ఆడినవాళ్లు చెప్పండి.

కడప బంటు (కడప):
వినండి అక్కా. నేను రెండేళ్లు ఇదే పడ్డాను. రోజుకు ముప్పై ఆటలు, ఒక్కోటి మూడేసి నిమిషాలు. బోర్డు ముందు కూర్చుంటే ఆలోచన పూర్తి కాకముందే చెయ్యి పావు మీద ఉండేది. యాప్ తీసేశాకే కుదురు వచ్చింది. గుకేశ్ కూడా చిన్నప్పుడు కంప్యూటర్‌ని దూరం పెట్టే కదా ఎదిగాడు, 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

తుంగభద్ర (కర్నూలు):
తమ్ముడూ, గుకేశ్ దూరం పెట్టింది ఇంజన్‌ని, అంటే ఎత్తులు లెక్కగట్టి చెప్పే ప్రోగ్రామ్‌ని. ఏది మంచి ఎత్తో మిషన్‌ని అడగకుండా తనే తేల్చుకోవాలని వాళ్ల కోచ్ పెట్టిన పద్ధతి అది. మనుషులతో ఆన్‌లైన్‌లో ఆడడం వేరే సంగతి. మన గ్రాండ్‌మాస్టర్ నిహాల్ సరీన్ ఆన్‌లైన్‌లో వేగం ఆటలకు పేరు పడ్డవాడే. 2022లో మహాబలిపురం దగ్గర జరిగిన చెస్ ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీ) తన జట్టు రెండో బోర్డు మీద ఆడి వ్యక్తిగత బంగారు పతకం తెచ్చాడు. ఫోన్ ఆడితే బోర్డు ఆట పోతుందని అనుకోవద్దు.

అమ్మా క్లాక్‌టవర్, ఓడిన ఆటలు ఎలా పోయాయో వాణ్ని అడిగి రాయి. అది తెలియకుండా మందు చెప్పలేం.

ఆదోని గుర్రం (ఆదోని):
ఫోన్ తీసేయమనే వాళ్లను ఒకటి అడుగుతాను. మా వీధిలో నాకు తెలిసి బోర్డు మీద చెస్ ఆడే ఆడపిల్లను నేనొక్కదాన్నే. కోనేరు హంపికి వాళ్ల నాన్నగారే కోచ్. మా ఇంట్లో ఏ పావు ఎలా నడుస్తుందో కూడా ఎవరికీ తెలియదు. ఫోన్ తీసేస్తే నేను ఎవరితో ఆడాలి?

కడప బంటు (కడప):
నీ కష్టం అర్థమైంది చెల్లీ. అయినా ఆరు వారాల మాటే కదా నేను చెప్పేది.

క్లాక్‌టవర్ (అనంతపురం):
అడిగాను సార్. ఒక ఆటలో క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపి రాజును పక్కకు చేర్చడం) చేయబోయి ముందు ఏనుగును పట్టుకున్నాడట. అవతలి అబ్బాయి చెయ్యెత్తి ఆర్బిటర్‌ని, అంటే రెఫరీని పిలిచాడు. ఏనుగునే కదపాల్సి వచ్చి, రాజు నడిమధ్యలో ఉండిపోయాడు. రెండో ఆటలో చెక్ ఉందని చూడకుండా వేరే పావు నడిపి క్లాక్ నొక్కాడు. తప్పు ఎత్తు అని అవతలివాడికి 2 నిమిషాలు అదనంగా ఇచ్చారు. అంతే, టెన్షన్‌తో ఆట మొత్తం చెదిరింది. మూడోది, ఎదురు మూలనున్న బిషప్ తన మంత్రిని చూస్తోందని తెలుసుకోలేదు. నాలుగోది మామూలుగానే ఓడాడు, అవతలివాడు బాగా ఆడాడు.

తుంగభద్ర (కర్నూలు):
అయితే నాలుగులో మూడు ఆటలు ఫోన్ నేర్పని చోట పోయాయి.

ఫోన్‌లో గుర్రాన్ని తాకితే ఎక్కడికి పోవచ్చో చుక్కలు కనిపిస్తాయి. చెక్ వస్తే రాజు ఎర్రబడతాడు. తప్పు ఎత్తు వేయబోతే పావు వెనక్కి పోతుంది. క్లాక్ దానంతటదే మారుతుంది. ఇవన్నీ వాడి కంటికీ చేతికీ కాపలా. వాడికి ఆ సంగతి తెలియదు, ఎప్పుడూ అవి లేకుండా ఆడలేదు కాబట్టి. బోర్డు మీద ఆ కాపలా ఒక్కసారిగా పోతుంది. చెక్ అని ఎవరూ చెప్పరు.

క్యాస్లింగ్‌కి ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నియమం స్పష్టంగా ఉంది. రాజును ముందు ముట్టుకోవాలి, ఒకే చేత్తో చేయాలి. ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ ఆ ఎత్తులో కుదరదు, ఏనుగునే నడపాలి. ఆ పిల్లవాడు ఆర్బిటర్‌ని పిలవడం తప్పు కాదు, మీవాడికి వాడి మీద కోపం ఉంటే తీసేయమను. 2016 మాస్కో క్యాండిడేట్స్‌లో (ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవాణ్ని తేల్చే టోర్నమెంట్) నకమురా అంతటివాడు అరోనియన్ ముందు రాజును ముట్టుకుని వదలబోయాడు. కుదరలేదు. ఆ రాజునే కదిపాడు, ఆట పోయింది. పావు గడిలో సరిగ్గా లేకపోతే, నీ వంతులో ముందు "సర్దుతున్నాను" అని చెప్పి ముట్టుకోవాలి.

బిషప్ సంగతి కంటి అలవాటు. ఫోన్‌లో బోర్డంతా అరచేతిలో ఉంటుంది, పైనుంచి చూస్తాం. టోర్నమెంట్ బోర్డు గడి ఐదున్నర సెంటీమీటర్లు అనుకుంటే బోర్డు 44 సెంటీమీటర్లు. పక్కవాటున చూస్తాం, దూరం మూల ఎత్తైన పావుల వెనక దాగుతుంది. కొన్నాళ్లు ప్రతి ఎత్తుకు ముందూ నాలుగు మూలలూ కళ్లతో తిరిగి రమ్మను.

నేను మా పిల్లల చేత చేయించేది ఇది. ఫోన్ పక్కన బోర్డు పరచాలి. 30 నిమిషాల ఆట పెట్టాలి. ఎదుటివాడి ఎత్తును ముందు బోర్డు మీద వేయాలి, బోర్డునే చూసి ఆలోచించాలి. తన ఎత్తు బోర్డు మీద వేసి, ఎత్తులు రాసుకునే షీట్‌లో రాసి, చివర్లో ఫోన్‌లో నొక్కాలి. ముందు ఎత్తులు బోర్డు మీద జరిపి చూడకూడదు, అది మోసం అవుతుంది. ఆటలో ఉన్న స్థితి మాత్రమే బోర్డు మీద ఉండాలి.

రాయడం చిన్న విషయం కాదమ్మా. 30 సెకన్ల అదనం ఉన్న ఆటలో చివరిదాకా ప్రతి ఎత్తూ రాయాల్సిందే. ముందు ఎత్తు వేసి తర్వాత రాయాలి. అలవాటు లేనివాడికి సగం ధ్యాస అక్కడే పోతుంది.

కడప బంటు (కడప):
ఈ పద్ధతి బాగుంది సార్, ఒప్పుకుంటున్నాను. కానీ మూడు నిమిషాల ఆటలు మాత్రం ఆరు వారాలూ వద్దు. నన్ను ముంచింది అవే. గంట మిగుల్చుకుని ఓడుతున్నాడంటే ఈ అబ్బాయికీ అదే జబ్బు. ఇక్కడ నేను వెనక్కి తగ్గను.

తుంగభద్ర (కర్నూలు):
అక్కడ నీ మాటే నా మాట.

క్లాక్‌టవర్ (అనంతపురం):
నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. ఫోన్ ఉంచడానికి ఒప్పుకున్నాడు, చిన్న ఆటలు బందు అన్నాడు. నిన్న రాత్రి వరండాలో బోర్డు పరిచి మొదటి ఆట ఆడాడు. 47 నిమిషాలు పట్టింది, ఓడాడు. రెండు చోట్ల రాయడం తప్పిపోయాడు. ఆట అయ్యాక ఆ షీట్ నాన్న అడిగి తీసుకుని, ఎక్కడ పోయిందో చూపించమన్నాడు. వాడు బోర్డు మీద మళ్లీ అన్ని ఎత్తులూ వేసి చూపించాడు. వాడి ఆట నాన్న కూర్చుని చూడడం ఇదే మొదటిసారి.

ఆదోని గుర్రం (ఆదోని):
అక్కా, మీ తమ్ముడు అలాంటి ఆట నాతో ఆడతాడా? ఇక్కడ నేనూ బోర్డు పరుచుకుని, షీట్ పెట్టుకుని కూర్చుంటాను.

క్లాక్‌టవర్ (అనంతపురం):
శనివారం రాత్రి ఎనిమిదికి రా చెల్లీ. తెల్లపావులు నీకే ఇవ్వమంటున్నాడు.